బెంచీకి కట్టిన కాలు

ఆరో తరగతిలో ఆదెయ్య మాస్టారు బాబ్జీ కాలిని పురికొసతో బెంచీకి కట్టేశారు. చేసిన నేరం కుదురుగా కూర్చోకపోవడం. కాసేపటికల్లా బెంచీ, దాని మీదున్న నేస్తం కోటేష్‌తో సహా గుమ్మం దాకా వచ్చింది. క్లాసంతా నవ్వింది. అందరికంటే ముందు బాబ్జీయే నవ్వాడు. చీలమండ మీద కమిలిన గీత మానింది గానీ, ఇంకొకరు నవ్వకముందే తన మీద తనే నవ్వుకునే అలవాటు మిగిలిపోయింది.

పెద్దయ్యాక ప్రత్తిపాడులో సేద్యమూ అదే తీరు. పత్తిలో కలుపు తీస్తుంటే మోటారు చప్పుడు తేడాగా వినిపించేది. వెళ్లి దాన్ని విప్పేవాడు, బోల్టు కోసం గుంటూరు బస్సెక్కేవాడు, బోల్టు మరిచిపోయి క్వార్టర్ సీసాతో దిగేవాడు. అది కడుపులో పడితేనే కాళ్లూ బుర్రా ఒకచోట ఆగేవి.

"మాస్టారి పురికొస కంటే ఇదే మెత్తన," అనేవాడు.

మానలేదా అంటే, ఏటా మానాడు. అయ్యప్ప మాల వేసుకున్నన్నాళ్లూ చుక్క ముట్టడు. భజనలో అతనిదే పెద్ద గొంతు. ఏదైనా మొదలుపెట్టిన కొత్తలో అంత మోజు. మాల తీసిన సాయంత్రం మళ్లీ బ్రాందీ షాపే.

రెండు వేల మూడులో, కల్లంలో మిరపకాయలు ఎండుతుండగా మబ్బు పట్టింది. టార్పాలిన్ పట్టా తెచ్చి కప్పుతానని పరుగెత్తాడు. దారిలో షాపు కనిపించింది. తిరిగొచ్చేసరికి కాయలు నీళ్లలో తేలుతున్నాయి. భార్య రాజేశ్వరి పుట్టిల్లు పొన్నూరు వెళ్లిపోయింది. "వచ్చే ఏడు కాయ తడవకుండా బస్తాల్లోకెక్కితే అప్పుడు చూద్దాం," అని కబురు పెట్టింది.

కోటేష్ అతన్ని గుంటూరు బ్రాడీపేటలో మానసిక వైద్యుడి దగ్గరికి లాక్కెళ్లాడు. డాక్టరు బెంచీ కథ విని నవ్వలేదు. బాబ్జీకి అది నచ్చలేదు.

"నీది పొగరు కాదయ్యా. చిన్నప్పటి నుంచీ మనసు నిలవని జబ్బు. దానికి నువ్వు వెతుక్కున్న మందే ఈ తాగుడు. మానాలని ఉందా?"

"రోజూ పొద్దున్నే ఉంటదండి. మధ్యాహ్నానికి ఇంకోటి గుర్తొస్తదండి."

"అయితే ఏ రోజుకారోజే మానుకో. తాగాలనిపించే వేళకి కాళ్లకు పని పెట్టు. మాత్రలు వేసుకో, మళ్లీ రా."

బాబ్జీ మళ్లీ వెళ్లాడు. మధ్యలో రెండుసార్లు తాగాడు. రెండుసార్లూ తనే వెళ్లి చెప్పుకున్నాడు.

మరుసటేడు కోటేష్ చూడ్డానికి వచ్చినప్పుడు, సాయంత్రం ఎండలో బాబ్జీ కల్లమంతా తిరుగుతూ కాయలు తిరగేస్తున్నాడు. ఓ మూల రాజేశ్వరి తాలుకాయలు ఏరుతోంది. ఆమె తెచ్చిన సంచి పాక గుంజకు వేలాడుతోంది, ఇంకా విప్పలేదు.

"ఏరా, మానేశావంటగా?"

బాబ్జీ ఆగలేదు.

"మానేయడమేందిరా నా మొహం! ఏ పనైనా సగంలో వదిలేసేవాణ్ణేగా, తాగుడూ అట్టాగే వదిలేశా. నువ్వు గుర్తు చేయబాక, పోయి పూర్తి చేసొస్తా."