చాయ్ నీళ్లలో తేలిన ముఖం

మహబూబ్‌నగర్ దవాఖానలో మా అక్క పోయిందని మొన్న మంగళవారం పొద్దున కబురు వచ్చింది. నేను వెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది. అక్క అంటే తోడబుట్టింది కాదు. నా భర్త అన్నగారి భార్య, నా తోడికోడలు. నల్లగొండలో ఒకే పొయ్యి మీద ఏళ్ల తరబడి కలిసి వండుకున్నాం. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మా ఇంటి ముందు గదిలో బావగారి ఫోటో స్టూడియో ఉండేది. ఫోటో తీయడం ఆయన పని. వెనక సామాన్ల గదిలో తలుపు వేసుకుని, గాజు ప్లేట్లు మందులో కడిగి బొమ్మను పైకి తేవడం అక్క పని. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమె మాట్లాడేది కాదు. బయటికొచ్చాక మాత్రం వచ్చిన ప్రతి ముఖం గురించీ నాకు చెప్పేది.

సాయుధ పోరాటం ముదిరి, రోడ్లకు అడ్డంగా చెట్లు నరికిన రోజుల్లో హైదరాబాదు నుంచి మందులు రావడం ఆగిపోయింది. స్టూడియోకి తాళం వేద్దామన్నారు బావగారు. అక్క వినలేదు. మందులో కలిపే కార్బొనేటుకు బదులు చాకలి సోడా వేస్తే పనిచేసింది. బొమ్మ మసకబారకుండా కాపాడే బ్రోమైడుకు బదులు చిటికెడు ఉప్పు వేసింది. బొమ్మను పైకి తెచ్చే అసలు మందుకే బదులు దొరకలేదు. కరక్కాయలు ఉడికించి చూస్తే ప్లేటంతా మరకలైంది. చివరికి చిక్కటి చాయ్ డికాక్షన్‌లో సోడా కలిపితే, కిటికీని ఫోటో తీసిన ప్లేటు మీద దాని ఊచలు లేతగా తేలాయి. “లేనిదాని ముచ్చట నాకెందుకు చెల్లె, ఉన్నది ఏం చేస్తదో సూద్దాం” అనేది అక్క. ఆమె వేళ్లు ఎప్పుడూ చాయ్ రంగులోనే ఉండేవి.

పోలీసు చర్య జరిగాక చిట్యాల దిక్కు పల్లె నుంచి ఒక తల్లి వచ్చింది. దళంలోకి పోయే ముందు ఆమె కొడుకులిద్దరూ మా దగ్గర ఫోటో దిగారు. చాయ్ నీళ్లకు చెడిపోతుందేమోనని, అసలు మందు వచ్చాక కడుగుదామని ఆ ప్లేటు కడగకుండానే ఉండిపోయింది. పెద్దవాణ్ని సైన్యం కాల్చేసింది, శవాన్ని కూడా చూపించలేదు. చిన్నవాడు ఇంకా గుట్టల్లో తిరుగుతున్నాడు. పెద్దవాడి ముఖం ఒక్కసారి చూపించమని ఆమె అడిగింది.

ఆ పొద్దునే సైన్యం క్యాంపు నుంచి హుకుం వచ్చింది, స్టూడియోలోని ప్లేట్లన్నీ మరునాటికి అప్పజెప్పాలని. వాళ్లు ఆ అన్నదమ్ముల ప్లేటును హైదరాబాదు పంపి కడిగిస్తే చిన్నవాడి ముఖం వాళ్ల చేతికి చిక్కుతుంది. ప్లేటు పగలగొట్టేద్దామన్నారు బావగారు. అక్క ఆ తల్లి ముందు కూర్చుంది.

“మా దగ్గర అసలు మందు లేదు అవ్వా. చాయ్ నీళ్లతోటి చేస్త. చెడిపోతే మళ్ల రాదు.”

“కొడుకే పోయిండు. బొమ్మ పోతే పోనియ్యి. చెయ్యి బిడ్డా.”

ఆ తల్లీ, అక్కా, నేనూ ముగ్గురం లోపలికెళ్లి తలుపు వేసుకున్నాం. ఎర్రగుడ్డ చుట్టిన లాంతరు వెలుగులో అక్క పళ్లాన్ని మెల్లగా ఊపుతూనే ఉంది. చాలాసేపు ఏమీ రాలేదు. అప్పుడు అంగీలు తేలాయి, ఆ తరువాత ముఖాలు. బొమ్మను చెదరకుండా నిలిపే హైపో కొద్దిగా మిగిలితే అందులో ముంచి, కడిగి, వెలుతురులోకి తెచ్చింది. గాజు మీద తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది కదా, తల్లి గుర్తుపట్టలేకపోయింది. తన కొడుకులు ఇంత నల్లగా లేరంది. అక్క కెమెరా మీది నల్లగుడ్డను ప్లేటు వెనక పెట్టి కొంచెం వంచి పట్టింది. అప్పుడు తెలుపు నలుపులు తిరగబడి, ఇద్దరూ లేతగా కనిపించారు.

తల్లి ఏడవలేదు. చాలాసేపు చూసి అంది:

“చిన్నోన్ని తీసెయ్యి బిడ్డా. మా ఇల్లు సోదా చేస్తరు. వాడు బతకాలె.”

అక్క నా వైపు చూసింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి అద్ది, చాకు మొనతో, చిన్నవాడున్న మేర గాజు మీది పొరను గీకేసింది. మిగిలిన ఒకే ఒక్క కాగితం మీద పెద్దవాడి బొమ్మ అచ్చు తీసి ఇచ్చి, ప్లేటును పగలగొట్టింది.

చిన్నవాడు తిరిగి రాలేదు. ఏ క్యాంపులో పోయాడో, ఏ గుట్ట మీద పోయాడో ఎవరూ చెప్పలేదు. రోడ్లు బాగుపడి మందుల డబ్బాలు మళ్లీ వచ్చిన రోజున అక్క వాటిని విప్పకుండా పక్కకు పెట్టింది. “అన్నిటికి బదులు ఎతికిన. గా పిల్లగానికి బదులు యాడికెల్లి తేవాలె చెల్లె?” అంది. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

ఆ తల్లి ఆ తరువాత ఒక్కసారే వచ్చింది. మా గడపలో కూర్చుని కొంగులోంచి ఫోటో తీసింది. పెద్దవాడి అంగీ చెడిపోతుందని అక్క అతని భుజం దగ్గర గీకలేదు. అక్కడ, అన్న భుజం మీద వేసిన చిన్నవాడి వేళ్లు నాలుగు మిగిలిపోయాయి. తల్లి వాటి మీద తన బొటనవేలు ఆనించి, ఎండ గోడ దిగిపోయేదాకా అలాగే కూర్చుంది. పక్కనే అక్క, చేతులు ఒళ్లో పెట్టుకుని.