ఎద్దుల తాళ్ళు

నిన్న ఉరవకొండ రోడ్డులో కాయలు తెంపాక మేతకు ఎండబెట్టిన వేరుశనగ కట్టె ట్రాక్టరులో పోతుంటే, ఆ వాసనకి బండి ఆపేశాను. మన ఈడు వాళ్ళకి తెలుసు కదా ఆ వాసన, ఎండిన ఆకూ మట్టీ కలిసి!

చిన్నప్పుడు మా అక్క హైజంప్ నేర్చుకున్నది మా ఎద్దులకని వేసిన ఆ కట్టె కుప్ప మీదే. తాడు ఒక కొస గుంజకు కట్టి, రెండోది నేను పట్టుకునేదాన్ని. తన తలెత్తు తాడు దాటి వెల్లకిలా పడేది. నాయన రోజూ కసిరేవాడు.

"తొక్కిన మేత ఎద్దులు ముట్టవు గదే, దిగు!"

అక్క జిల్లా పోటీలకు ఎంపికైన ఏడు వాన రాలేదు. నాయన ఎద్దుల్ని సంతలో అమ్మి, వాటి తాళ్ళు మాత్రం భుజాన వేసుకొచ్చాడు. ఎద్దుల్ని అమ్మినా తాడు ఇవ్వరు కదా మన వైపు. మిగిలిన కట్టెను తనే మెత్తగా పరిచాడు. రెండు తాళ్ళూ ముడేసి గుంజకు కట్టి, కొస నా చేతికిచ్చాడు.

"దూకు పాపా. ఇంగ ఎంతన్నా తొక్కు. తినేదానికి ఎద్దులు యాడుండాయి?"

అక్క పరుగెత్తుకొచ్చి తాడు ముందర ఆగిపోయింది.

"ఇంకా వాటి వాసనే వస్తాండాది నాయనా."

నాయన ముడి విప్పాడు. ఆ తర్వాత అక్క దూకడం నేను చూడలేదు.