అవ్వ ఫొటోకు చెంబెడు నీళ్ళు

ఆ రోజుల్లో మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ ఇంట్లోనైనా ఏడు కెమెరాలు ఉన్నాయంటే అది మా ఇల్లే. మనకంటూ ఒక రాష్ట్రం వచ్చిన కొత్త. మా తాలూకాలింకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. నేను స్కూలు పరీక్ష తప్పి, గొర్రెల వెంట పోనని మొండికేసి, పాత కెమెరాలు పోగుచేసే పనిలో పడ్డాను. (ఏడు అన్నానా? మూడు. వాటిలో ఒకదానికి అద్దం లేదు, ఇంకొకదాని తోలుతిత్తిని బొద్దింకలు కొరికేశాయి.) పనిచేసేది ఒక్కటే, నాకంటే వయసులో పెద్దదైన డబ్బా కెమెరా. గిద్దలూరు స్టేషన్లో ఉద్యోగం చాలించి వెళ్ళిపోతున్న ఒక ముసలి గార్డు దొరకు గొర్రెపిల్లనిచ్చి తెచ్చుకున్నాను. ఆ పిల్లను తోడేలు ఎత్తుకుపోయిందని నాయన చాలా రోజులు నమ్మాడు.

మొదటి రెండు రీళ్ళలో ఎవరికీ తలకాయలు రాలేదు. మూడో రీల్లో ఒక్క బొమ్మకే చోటు మిగిలి ఉండగా మా అవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి. "ఒరే అబ్బయా, మీ తాత మొగం నాకే గుర్తు రాకుండా పోతాంది. ఆయనది ఒక్క బొమ్మన్నా లేకపాయె. నాదన్నా ఒకటి తియ్యి, నేను పోయినాక మీకన్నా గుర్తుంటాది" అంది. ఉతికిన కోక కట్టుకుని, గొర్రెల దొడ్డి ముందు, కరణం ముందు నిలబడ్డట్టు బిగుసుకుని నిలబడింది. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను.

రీలు కడిగే విద్య మార్కాపురంలో ఒక స్టూడియో ఆయన దగ్గర నేర్చుకున్నాను. (నేర్చుకున్నానంటే, ఆయన వెళ్ళగొట్టేదాకా గుమ్మంలో నిలబడి చూశాను.) ధాన్యం గదికి గొంగళ్ళు అడ్డం కట్టి, పట్టపగలే చీకటి చేసి, మందులో ముంచాను. అవ్వ నల్లటి ముఖంతో, తెల్లటి కనుపాపలతో ఫిల్ము మీద తేలింది. ఇక మిగిలింది కడగడం. ఆఖరి మందు పూర్తిగా పోయేదాకా మంచినీళ్ళు మార్చి మార్చి అరగంట కడగాలనీ, లేకపోతే ఏడాది తిరక్కుండా బొమ్మ పాడైపోతుందనీ, ఉప్పునీళ్ళు తగిలితే తెల్లపొర కడుతుందనీ ఆయన మరీ మరీ చెప్పాడు. అది ఎండాకాలం. కొనకనమిట్ల దగ్గర మా ఊళ్ళో మంచినీళ్ళ బావి ఒక్కటే, అదీ అడుగంటింది. తెల్లవారుజామున పోయి ఊరిన నీళ్ళు తోడుకుని, ఇంటిల్లిపాదికీ రెండు కుండలు తెచ్చేది అవ్వే. కుండెడు నీళ్ళు అడిగితే, బొమ్మ కడిగేదానికి నీళ్ళేందిరా అని కసిరి, చెంబెడు పోసింది. ఆ చెంబుతోనే ఫిల్మునూ కడిగాను, తరువాత ఎండలో అచ్చు తీసిన కాగితాన్నీ కడిగాను.

ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. ఊరంతా వచ్చి చూసిపోయింది. స్టూడియో ఆయన లేచి నిలబడి నాకు చెయ్యి కలిపాడు. (లేవలేదు. ఊఁ అన్నాడు.) ఏడాది తిరక్కముందే గోడ మీద అది పసుపెక్కింది. ముందు కోక అంచు పోయింది, తరువాత చేతులు. ఫిల్మూ అట్లే మచ్చలు తేలింది. నాకు అన్నం సయించలేదు. అవ్వ రోజూ దాని ముందు నిలబడి చూసేది. "నా మాదిరే అది గూడా ముసలిదైపాయె, పోనీలేరా" అని నన్నే ఓదార్చేది. ఆమె పోయిన నాటికి ముఖం ఉండవలసిన చోట గోధుమరంగు మరక మిగిలింది. ఇప్పుడు ఆమె వయసు నాకు వచ్చింది. కళ్ళు మూసుకుంటే గొంతు వినబడుతుంది కానీ ముఖం రాదు.

ఇంతవరకూ రాసి, మొన్న ఇంటికి వచ్చిన మా చెల్లెలికి చదివి వినిపించాను. ఒక్క పిసినారి చెంబు వల్ల అవ్వ ముఖం ఎట్లా పోయిందో చూడవే అని నిట్టూర్చాను కూడా. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"అవ్వ మీద చెప్పబాకన్నా. కుండ కుండే నీకిచ్చి, ఆ పొద్దంతా మజ్జిగ తేట తాగి ఉండింది. మార్కాపురం పోయి స్టూడియో ఆయనకు బొమ్మ చూపించి రావాలని, ఉప్పునీళ్ళయితే జుట్టు అట్ట కడతాదని, ఆ నీళ్ళు నువ్వే తలకు పోసుకున్నావు. చెంబెడు మిగిలింది నీ తల కడగంగా."