గెడ్డ హోరులో మా అప్ప పాట

మా చిన్నప్పుడు మందస దగ్గర మా ఊళ్లో బాప్తిస్మాలు గెడ్డలోనే ఇచ్చేవారు... కొండ మీంచి వచ్చే వాగును మేం గెడ్డ అంటాం. రాళ్ల వరస మీంచి నీళ్లు దూకి మడుగులో పడేవి. ఆ దూకే చోటే జీడిచెట్ల నీడ. జనమంతా అక్కడే నిలబడేవారు.

అప్ప అంటే మా అక్క. తనది సన్నని గొంతు. మొదటిసారి అక్కడ తనతో పాడించినప్పుడు పెదాలు కదలడమే కనిపించింది... పాటంతా నీళ్ల హోరులో కలిసిపోయింది.

ఇంటికొస్తూ పిన్ని అనేసింది. "ఓలే, నీ గొంతు సాల్నేదు. ఈపాలి ఇంకోలి సేత పాడిద్దాం."

అప్ప ఆ పూట అన్నం ముట్టలేదు.

మళ్లీ బాప్తిస్మాలు పెట్టారు... ఈసారి నీళ్లలోకి దిగేది మా అమ్మే. "నా పెద్ద కూతురు పాడితేనే దిగుతాను" అని అమ్మ పట్టు పట్టింది. అప్పకేమో భయం.

ముందురోజు ఇద్దరం గెడ్డకు బట్టలు ఉతకడానికి వెళ్లాం. మడుగు చివర ఏనుగంత బండ ఒకటి ఉండేది. తడి చీర ఆరేద్దామని నేను దాని వెనక్కి వెళ్లాను... ఒక్కసారిగా హోరు తగ్గిపోయింది. బండ పక్కన ఉతుకుతూ అప్ప తీస్తున్న కూనిరాగం, మాటతో సహా వినిపించింది.

"అప్పా, మళ్లీ పాడు" అన్నాను. జీడిచెట్ల కిందికి పరిగెత్తాను. ఏమీ లేదు. బండ వెనక్కి వచ్చాను. పాట ఉంది.

"నీ గొంతుకేటీ అవనేదే. మనం నిలబడిన సోటే బాగోనేదు" అన్నాను. అప్ప ఉతుకుడు ఆపి నవ్వింది... చాలా రోజులకు.

మర్నాడు తనే పాస్టరు గారి దగ్గరికి వెళ్లింది. "అయ్యగారూ, అందరూ ఆ బండ ఎనక నిలబడితే బాగుంతాది. ఇక్కడ నీళ్ల సప్పుడు తప్ప ఏటీ ఇనబడదు."

"జనాన్ని ఎండలో నిలబెడతావేటే?" అంది పిన్ని.

అయ్యగారు బండ వెనక్కి వెళ్లి, మడుగు ఒడ్డు నుంచి అప్పను ఒక వాక్యం చదవమన్నారు. విని తిరిగొచ్చారు. "గొడుగులున్నోలు తియ్యండి. అందరం అటెల్దాం."

అమ్మ తెల్లచీరలో మునిగి లేచింది. బండ పక్కనే నిలబడి అప్ప పాట ఎత్తుకుంది... ప్రతి మాటా వినబడింది. చివరి వరసలో ఉన్న ముసలమ్మలు కూడా గొంతు కలిపారు. అమ్మ నడుంలోతు నీళ్లలోనే ఆగిపోయి, తలెత్తి అప్పను చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

పాట అయిపోయాక పిన్ని పైటతో కళ్లు ఒత్తుకుంది. "ఇంకో సరణం పాడే" అంది.

ఆ రోజు నుంచి మా ఊళ్లో ఏ బాప్తిస్మానికైనా మా అప్పే పాడింది...

ఇప్పుడు చర్చిలోనే సిమెంటు తొట్టి కట్టారు. మైకులూ వచ్చాయి. ఎక్కడ కూర్చున్నా పాట ఒకేలా వినబడుతుంది... వినడానికి చోటు వెతుక్కునే పనే లేదు.

మీ ఊరి వాగు ఒడ్డున మీరు విన్న పాటేమిటి? ఎక్కడ నిలబడి విన్నారు? రాయండి... చదవాలనుంది.