ఆంటీకి గంట, అమ్మకు నిమిషం

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళడానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయనగా, ఆగస్టులో ఒక ఆదివారం, మా వరుసలోనే రెండిళ్ళ అవతల ఉండే ఆవిడ ఫోను పట్టుకొని వచ్చింది. గుడిలో వాలంటీర్ల కోసం కొత్తగా పెట్టిన యాప్ ఆమె ఫోనులోకి దిగడం లేదు. మామూలుగా వస్తూనే వదినా అని నన్ను పలకరించే మనిషి, ఆ రోజు నేరుగా సోఫాలో మా అమ్మాయి పక్కన కూర్చుంది.

“బిడ్డా, గీ గుండ్రం పొద్దుగాల్నుంచి తిరుగుతనే ఉన్నది, దిగుతలేదు. నేనేమన్న ఖరాబు చేసిన్నా?”

“లేదు ఆంటీ, మీరు ఏం చెయ్యలేదు. స్టోరేజ్ ఫుల్ అయింది, అంతే. కలిసి డిలీట్ చేద్దామా?”

నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ విన్నాను. ఆవిడ ఫోను నిండా గ్రూపుల్లో వచ్చిన శుభోదయపు గులాబీలూ, శుక్రవారం శుక్రవారం చేరిన లక్ష్మీదేవి బొమ్మలూ ఉన్నాయి. దేవుడి బొమ్మను తీసెయ్యడానికి చెయ్యి రాక, అన్నింటినీ దాచుకుంటూ వచ్చిందట.

“అమ్మవారిని డిలీట్ చేస్తే పాపం తగులదా బిడ్డా?”

“ఆంటీ, సేమ్ అమ్మవారు ఫార్టీ టైమ్స్ ఉంది. ఒకటి ఉంచి దండం పెట్టుకోండి.”

ఇద్దరూ నవ్వారు. నేను కుళాయి కట్టేసి నిలబడ్డాను. నాతో ముక్తసరిగా ఇంగ్లీషులో బదులిచ్చే పిల్ల, ఆవిడ కోసం తెలుగు మాటలను వెతుక్కుంటూ, తడుముకుంటూ, ఒక్కొక్క బొమ్మకూ అనుమతి అడుగుతోంది. ఆ గొంతులో అంత ఓపిక ఉన్నట్టు పదిహేడేళ్ళుగా పెంచిన నాకు తెలియదు. నేను ఏళ్ళ తరబడి డైరీ రాసే మనిషిని. ఆ రోజు పేజీలో వాతావరణం తర్వాత ఒక్క వాక్యమే రాశాను: ఆవిడ వచ్చింది రెండుంబావుకు, వెళ్ళింది మూడున్నరకు.

యాప్ దిగని టాబ్లెట్ నా దగ్గరా ఉంది. కాలేజీవారు తల్లిదండ్రుల కోసం పెట్టిన యాప్‌ను నొక్కిన ప్రతిసారీ ‘మీ దేశంలో లభ్యం కాదు’ అంటోంది. ఇల్లినాయ్‌లో కూర్చొని ఇల్లినాయ్ కాలేజీ యాప్ కోసం ఆ మాట చదవడం నాకు అవమానంగా తోచింది. నాలుగు రోజులుగా ఒక్కదాన్నే దానితో కుస్తీ పట్టాను. ఆ సాయంత్రం మాత్రం దాన్ని తెచ్చి అమ్మాయి ముందు పెట్టి, ఆపి మళ్ళీ ఆన్ చేశాననీ, వైఫై చూశాననీ, ఖాళీ చాలినంత ఉందనీ, తేదీ సమయాలు సరిగానే ఉన్నాయనీ, సిస్టమ్ అప్‌డేట్ కూడా చేశాననీ వరుసగా చెప్పాను.

“అమ్మా, ఇటివ్వు.”

ఆమె వేలు నాలుగుచోట్ల తాకింది. “నీ అకౌంట్ ఇంకా ఇండియాది. మామయ్య హైదరాబాద్‌లో కొనిచ్చినప్పుడు ఓపెన్ చేశాడు కదా, అది. కంట్రీ మార్చాలంటే నీ పంచాంగం యాప్ సబ్‌స్క్రిప్షన్ అయిపోవాలి, అది నెక్స్ట్ ఇయర్ దాకా ఉంది. కొత్త అకౌంట్ చేసుకో, ఈజీ.” టాబ్లెట్ నా వైపు జరిపి లేచింది.

“ఆంటీతో గంటకు పైగా కూర్చున్నావు. నాకు నిమిషం కూడా లేదా?”

ఆమె ఆగి తిరిగి చూసింది. “అమ్మా, ఆర్ యూ జెలస్? ఆంటీ మీదా?”

“అవును.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“ఆంటీకి ఏం తెలీదు, సో నన్ను అడుగుతారు. నువ్వు అన్నీ చేసేసి వచ్చి రిపోర్ట్ ఇస్తావు. నాకు చెయ్యడానికి ఏం మిగలదమ్మా. నాకు తెలుసా లేదా అని టెస్ట్ పెట్టినట్టు ఉంటుంది.”

ఆమె మళ్ళీ కూర్చొని కొత్త అకౌంట్ తెరవడం మొదలుపెట్టింది. కోడ్ పంపడానికి ఫోన్ నంబర్ అడిగినప్పుడు, “నీ నంబర్ పాతదానికి ఉంది కదా, మిక్స్ అవుతుందేమో. నాది పెడుతున్నా” అంది. ఒకే నంబర్‌ను రెంటికీ ఇవ్వవచ్చని నేను అంతకు ముందే చదివాను. ఎవరు ఏ చిన్న పొరపాటు చేసినా దిద్దకుండా ఉండలేని నేను నోరు మెదపలేదు. యాప్ వెంటనే దిగింది.

అమ్మాయి హాస్టల్‌కు వెళ్ళిపోయాక, అక్టోబరులో ఆవిడ మళ్ళీ వచ్చింది, ఈసారి ఫోను లేకుండా.

“వదినా, మీ బిడ్డ బంగారం! నిన్న వీడియో కాల్‌ల గంటసేపు నాతోనే ఉన్నది. యాప్ తీసేసి మల్ల ఎక్కించింది. గట్ల ఎవరు చేస్తరు చెప్పు?”

చేస్తుంది, నీకే చేస్తుంది అనుకుంటూ టీ ఇచ్చాను. అదే నిన్న నాతో ఏడు నిమిషాలు మాట్లాడి, చదువుకోవాలని పెట్టేసింది.

ఆవిడ గడప దాటగానే టాబ్లెట్ తీసి, సవ్యంగా పనిచేస్తున్న కొత్త అకౌంట్ నుంచి నా చేతులతోనే బయటికి వచ్చాను. తిరిగి లోపలికి వెళ్ళబోతే కోడ్ అడిగింది. అది అమ్మాయి ఫోనుకు వెళ్ళింది. కాసేపటికే నాకు మెసేజ్ వచ్చింది: ఆరు అంకెలు, ముందొక మాట లేదు, వెనకొక మాట లేదు.

టాబ్లెట్ పక్కన పెట్టి, ఆరిన బట్టలన్నీ మడతపెట్టాను. కోడ్‌కు గడువు తీరిందని ఖాయపరచుకున్నాక ఫోన్ చేశాను.

“అమ్మా, కోడ్ పంపాను కదా?”

“గడువు అయిపోయింది. మళ్ళీ పంపాలి.”

“నువ్వు లేట్ చేశావా? నువ్వా?” అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది. తర్వాత, “ఆంటీ గానీ ఇంటికి వచ్చారా?” అని అడిగింది.

“వచ్చింది.”

“ఓకే. పెట్టెయ్యకు, లైన్‌లోనే ఉండు. ఫస్ట్ సెట్టింగ్స్ ఓపెన్ చెయ్యి.”

సెట్టింగ్స్ నా వేలి కిందే ఉంది.

“ఎక్కడుంది అది?” అన్నాను.