ప్లాటులో మొలవని తీగ

ఫారెస్టు గార్డుగా నాకు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బదిలీ అయింది డెబ్బయ్యో దశకం చివర్లో. ఆ ఏడాదే నల్లమల రిజర్వులో ఒక ముక్కను పరిశోధన ప్లాటుగా విడదీశారు. చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు పాతాం. లోపల గొడ్డలి పడకూడదు, గొడ్డు మేయకూడదు, ఎండుపుల్ల ఏరకూడదు. మనిషి చెయ్యి పడకపోతే అడవి ఏమవుతుందో చూడాలని పెద్దల ఉద్దేశం. చెట్లకూ తీగలకూ రేకు నంబర్లు కట్టి, ఏటా వానాకాలంలో చూసి రిజిస్టరులో రాయడం నా పని. ఖాకీ చొక్కా కొత్తది, పొగరు అంతకంటే కొత్తది.

మూడో ఏడు వేసవి మొదట్లో, రాళ్ల లోపల ఒక చెంచు అవ్వ గడ్డ తవ్వుతూ దొరికింది. ఆమె గుడిసె రాళ్లకు అవతలే. మోకాలి లోతు గుంత తవ్వి, మూరెడు గడ్డను అప్పుడే పైకి లాగింది. నేను కట్టిన రేకు మట్టిలో పడి ఉంది.

"ఏందవ్వా ఇది? ఈడ తవ్వకూడదని చెప్పలా?"

"కోడలు పురిటి మనిషి నాయనా. ఇంట్లో గింజల్లేవు. ఈ తీగ మా అమ్మ చూపించిపోయింది."

గడ్డ లాక్కున్నాను.

"గడ్డంతా నువ్వే తీసుకుపో. తలకాయ ఒక్కటి ఇయ్యప్పా, గుంతలో పెట్టి మన్ను కప్పి పోతా."

తీగ మొదలంటిన పైముక్కను వాళ్లు తలకాయ అంటారు. దాన్ని కోసి అదే గుంతలో పాతిగానీ గడ్డ ఇంటికి తీసుకుపోరు. ఆ సంగతి నాకు తెలీదు. ముక్క ఇస్తే సాక్ష్యం చెడుతుందనుకున్నాను. ఆమె మూడుసార్లు అడిగింది. కసిరి పంపించి, గుంతను బూటుతో పూడ్చాను.

ముసలమ్మ మీద కేసేమిటయ్యా అని రేంజరు నవ్వేశాడు. గడ్డ ఆఫీసు బీరువా మీద పడి ఉండిపోయింది. ఆ పూట కోడలు ఏం తిన్నదో నేను అడగనే లేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొలకరి పడ్డాక ఒక ఉదయం ఆఫీసు తలుపు తీస్తే, బీరువా మీంచి లేత తీగ ఒకటి కిటికీ చువ్వను పట్టుకుని ఉంది. గడ్డ ముడతలు పడి వాడిపోయింది, తలకాయ మాత్రం బతికే ఉంది. సైకిలేసుకుని ప్లాటుకు పోయి చూశాను. నేను పూడ్చిన గుంతలో మొలక లేదు. అవ్వ ఎందుకు బతిమాలిందో అప్పుడు అర్థమైంది.

మర్నాడు ఆ గడ్డను తడిగుడ్డలో చుట్టి అవ్వ గుడిసెకు తీసుకుపోయాను. ఆమె చూసింది గానీ ముట్టలేదు.

"ఆ గుంతలోనే నాటు అవ్వా. నేను చూడను."

"నాటితే మళ్లా తవ్వనిస్తావా?"

నేను సున్నం రాళ్ల వైపు చూశాను. ఆమె తలకాయ కోసుకుని, రాళ్లకు బయట తన గుడిసె వెనకాల పాతింది.

"ఈడైతే నువ్వు అడగవు గదా" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ వానాకాలం రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా 'తీగ చచ్చింది' అని రాశాను. కారణం రాయమని పక్కనే ఇంకో గడి ఉంది. అందులో 'సహజం' అని రాశాను. రిజిస్టరు నంద్యాల మీదుగా పైకి పోయింది. చదివినవాళ్లు అది నిజమనుకునే ఉంటారు.