వంటింటి బీరువాకు బీగం

యుద్ధం రోజుల్లో మదనపల్లెలో మా వంటిల్లు బాగుచేయించాను. గోడలోని మసిపట్టిన గూళ్లు పూడ్పించి, ఆ చోట బీరువా పెట్టించాలని నా ఉబలాటం. పుంగనూరులో వడ్రంగి దగ్గర రెండు చూశాను. ఒకటి జాలీ తలుపులది, గాలి బాగా ఆడుతుంది. రెండోదానికి ఇత్తడి బీగం ఉంది. దొరల బంగళాల్లో ఇలాంటివే ఉంటాయని ఎవరో అంటే, ఆ మాటకు పడిపోయి బీగమున్నదే తెచ్చాను. వండేవాళ్లను అడగకుండా వంటిల్లు దిద్దే మగవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

మా ఇంట్లో వండేది నన్ను పెంచిన మేనత్త. చిన్నవయసులోనే భర్త పోయి మా ఇంటికి చేరిన మనిషి. బీరువాను ఎగాదిగా చూసింది.

"బీగం యాలప్పా? ఈ ఇంట్లో ఉండేది నువ్వూ నేనే గదా. దొంగ ఎవురు?"

"అందంగా ఉంటుందని తెచ్చినానత్తా."

"అందమా! ఎలకలు సూసి మెచ్చుకుంటాయిలే," అని నవ్వింది.

చింతపండు అందులో పెట్టి బీగం వేశాను. మరునాటి నుంచి దానికి కూడా నన్నే పిలిచేది. "బీగం తియ్యప్పా, పులుసు పెట్టల్ల." బీగంచెవి చేతికిస్తే ముట్టుకోలేదు. చివరికి బీగమే ఊడబీకాను. తలుపుకు బెజ్జం మిగిలింది. "సీమలు దూరతాయి," అంటూ అందులో గుడ్డపీలిక కుక్కి, ఉప్పూ పప్పూ అన్నీ బీరువాలో సర్దింది.

తన రాగిపిండి కుండను మాత్రం నేలమీదే ఉంచుకుంది. నేను ఎత్తి బీరువాలో పెట్టబోతే, "ఆడ వద్దులేప్పా, బీగమేసిన చోటు గదా," అనేది. ఆమె పోయిననాడు కూడా ఆ కుండ నేలమీదే ఉంది.